పక్క గొట్టం ఏది?

ల్యాబ్‌లో మూత్రం సీసా చేయిజారితే విసుక్కుని మళ్లీ తెమ్మంటాం. వెన్నునీటి గొట్టం చేతికొస్తే మాత్రం కబుర్లాడేవాళ్లు కూడా నోరు కట్టేసుకుంటారు. మళ్లీ కావాలంటే ఆ మనిషిని మళ్లీ పక్కకు తిప్పి, మోకాళ్లు పొట్టలోకి ముడిపించి, నడుములో సూది దించాలి. "నీరు తీస్తే కాళ్లు పడిపోతాయంట కదమ్మా" అని బంధువుల భయం ఒకటి. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. సూది దిగేది దానికి కిందుగా. 1891లో జర్మనీ వైద్యుడు క్వింకె ఆ పద్ధతిని లోకానికి చెప్పినప్పటి నుంచీ అంతే.

నాకు పని నేర్పిన పెద్దాయన మిషన్ దగ్గరికి వెళ్లనిచ్చేవారు కాదు. ఇంకో గొట్టంలో మంచినీళ్లు పోసి, రెండూ తెల్లకాగితం ముందు పట్టుకుని చూడమనేవారు. మంచి వెన్నునీటికీ మంచినీళ్లకీ తేడా కనపడకూడదు. టీబీ మెనింజైటిస్ నీళ్లు కదపకుండా ఉంచితే ఒక్కోసారి సాలెగూడులాంటి తెర కడుతుంది. ప్రొటీన్ మామూలుగా డెసిలీటరుకు 15 నుంచి 45 మిల్లీగ్రాములు. అది పెరిగి, కణాలు మాత్రం పెరగకపోతే గిలన్ బారే అనే నరాల జబ్బు గుర్తుకు రావాలి. కానీ జబ్బు మొదటి వారంలో ప్రొటీన్ కూడా మామూలుగానే ఉండొచ్చు.

నన్ను బోల్తా కొట్టించింది షుగర్. కొత్తలో ఒక రాత్రి డ్యూటీలో 72 వచ్చింది. హాయిగా నార్మల్ అని రాసేశాను. పెద్దాయన కాగితం చూసి, "పక్క గొట్టం ఏది?" అన్నారు. నాకు అర్థం కాలేదు. వార్డుకి ఫోన్ చేయించారు. మనిషికి షుగర్ జబ్బు, రక్తంలో 310. వెన్నునీటిలో రక్తంలో ఉన్నదానికి మూడింట రెండు వంతుల దాకా ఉండాలి. ఆ మనిషికి 72 అంటే నాలుగో వంతు కూడా లేదు. నా చేతి రాత నేనే కొట్టేశాను.

ఆలస్యమైతే ఇంకో తంటా: నీటిలోని కణాలు గొట్టంలోనే షుగర్ తినేస్తాయి. అందుకే ఫ్లోరైడ్ వేసిన, బూడిదరంగు మూత గొట్టం. ఇన్నేళ్లుగా అడిగి అడిగి విసిగించాను కాబోలు, వార్డు అటెండర్లు ఇప్పుడు నన్ను చూడగానే ముందు రక్తం గొట్టమే తీసి ఊపుతారు.