ఎనిమిది నెలల అర్థం

హార్వర్డు శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ జే గూల్డ్‌కు 1982లో, 40వ యేట, కడుపులోని పొరకు మెసోథీలియోమా అనే అరుదైన క్యాన్సరు సోకినట్లు తేలింది. దానిని గురించి ఏమి చదవమంటారని అడిగితే, చదవదగినదేమీ లేదని వైద్యురాలు మాట దాటవేసింది. ఆయనే గ్రంథాలయానికి పోయి చూచుకున్నాడు: రోగం తెలిసిన తరువాత బ్రతికే కాలానికి మధ్యగతం 8 నెలలు! ఆ అనుభవాన్ని 1985లో ‘డిస్కవర్’ పత్రికలో వ్యాసంగా వ్రాశాడు. లెక్కల మాష్టర్లు తప్పక చదవవలసిన వ్యాసమది.

పొందూరులో ఏడుగురు వడికిన నూలును తక్కువ నుండి ఎక్కువకు పేర్చితే, నాలుగవ వారి లెక్కే మధ్యగతం. ఏడవ ఆమె దానికి పదింతలు వడికినా ఆ మధ్యగతం కదలదు. ఆయుర్దాయమూ అంతే. సగంమంది 8 నెలలలోపు పోయినా, తక్కినవారిలో కొందరు ఏండ్ల తరబడి బ్రతకవచ్చు. చిన్న వయస్సు, రోగం త్వరగా బయటపడటం, మంచి చికిత్స—వీటిని బట్టి గూల్డ్ తానా రెండవ సగంలో ఉంటానని ఆశించాడు. 20 ఏండ్లు బ్రతికి, 2002లో వేరొక క్యాన్సరుతో మరణించాడు.

మనోధైర్యం శరీరరక్షణశక్తిని పెంచుతుందేమోనన్న ఆయన ఊహతో మాత్రం నేను ఏకీభవించను. తరువాతి పరిశోధనలలో దానికి గట్టి ఆధారం దొరకలేదు. పైగా, ధైర్యం చాలకనే పోయాడన్న నింద రోగిపై పడుతుంది.

హార్వర్డు గ్రంథాలయం అందరికీ ఉండదు. 1971లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, శ్రీకాకుళం జిల్లా గ్రామీణులు 10,169 మందిలో దాదాపు 44 శాతం అడ్డపొగ త్రాగేవారు. నిప్పుకొన నోటిలోపల ఉండటంవల్ల దెబ్బతినేది అంగిలి. ఇక్కడి విద్యార్థికి టార్చిలైటు చాలు. చుట్ట కాల్చే నాయనమ్మ అంగిలిపై తెల్లని మచ్చగాని, మానని పుండుగాని కనబడితే, నొప్పి లేదని ఆమె అన్నా ఆస్పత్రికి తీసికొనిపోవాలి.