ఏం చూశావని అడగని సాహిత్యం

తిరిగే ఉద్యోగం కావాలని మా తరం గట్టిగానే అడుగుతోంది. జీతం ఒక్కటే వస్తే చాలదు, ఊళ్ళు మారాలి, పని మారాలి, సోమవారం మంగళవారంలా ఉండకూడదు. ఈ కోరికలో తప్పేం లేదు. నా పేచీ వేరే చోట. ఇదే కోరిక ఒకరికుంటే అన్వేషణ అంటాం, ఇంకొకరికుంటే పాపం అవసరం అని తేల్చేస్తాం. కోనసీమని ముందు పెట్టుకుని మన పుస్తకాల్నీ సినిమాల్నీ చూస్తే ఈ తేడా బాగా కనబడుతుంది.

మన యాత్రా రచనల్లో తొలినాటిది ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పుస్తకం 1838లో అచ్చయింది. దారులు, ఊళ్ళు, ఆచారాలు అన్నీ ఓపిగ్గా రాసుకున్నాడు. నాకు చాలా ఇష్టమైన పుస్తకం. అయితే ఆయన పల్లకీ మోసిన బోయీలు కూడా దారి నడిచినవాళ్ళే. నేలని ఆయనకంటే దగ్గరగా చూసినవాళ్ళు. వాళ్ళ మాటగా మనకి మిగిలిందేమీ లేదు. ఆయనది యాత్ర, వాళ్ళది కూలి. దాదాపు 200 ఏళ్ళ తర్వాత కూడా మన పుస్తకాల అరలు అలాగే సర్ది ఉన్నాయి: యాత్రా సాహిత్యం ఒక అరలో, వలస సాహిత్యం ఇంకో అరలో.

రాజోలు, అమలాపురం చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్ళు కువైట్‌కీ మస్కట్‌కీ ఇంటిపనికి వెళ్ళడం దశాబ్దాలుగా ఉంది. అంబాజీపేట కొబ్బరి లోడెత్తుకుని ఉత్తరాదికి పోయే లారీ డ్రైవర్లున్నారు. కానీ తెరమీద కోనసీమ అంటే కదలని ఊరే. 2017లో వచ్చిన 'శతమానం భవతి'లో ఆత్రేయపురం తాతయ్య విదేశాల్లో ఉన్న పిల్లల్ని సంక్రాంతికి రప్పించుకోడానికి నానా తంటాలూ పడతాడు. వాళ్ళు ఎప్పుడొస్తారన్నదే కథ. అక్కడ ఏం చూశారు, ఏం నేర్చుకున్నారు అన్నదాంతో ఆ కథకి పెద్దగా పని లేదు. వంశీ 'మా పసలపూడి కథలు' ఎంత ఇష్టంగా చదివినా నాకదే అనిపిస్తుంది. ఊరొదిలి మద్రాసు వెళ్ళి సినిమాలు తీసిన మనిషి, ఈ కథల్లో మాత్రం చూపంతా వెనక్కి, గోదారి గట్టు మీదికే. అందం అక్కడే ఉంది, ఒప్పుకుంటాను. మరి గట్టు దాటిన కాళ్ళ కథో?

ఇక్కడ కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. గల్ఫ్ వంటింటిని టూరిజం చేసెయ్యడం ఇంకా పెద్ద అన్యాయం. కఫాలా పద్ధతిలో వీసా యజమానికి ముడిపడి ఉంటుంది. పనిచేసే ఇల్లు మారాలంటే మామూలుగా అతనే ఒప్పుకోవాలి. కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసి ఇంటి పనివాళ్ళకి వారానికో రోజు సెలవు రాసింది. ఆ సెలవు నిజంగా చేతికొస్తేనే ఆమెకి ఊరు కనబడేది. ఇక మన వైపు, 10వ తరగతి పాసవ్వని ఆడమనిషికి 30 ఏళ్ళు నిండితే తప్ప గల్ఫ్ పనికి అనుమతి ఇవ్వరు. రక్షణ కోసం పెట్టిన నిబంధనే. కానీ 'కెరీర్ ఎంచుకోవడం' అని మనం తేలిగ్గా అనే మాట ఎవరికి ఎంత ఖరీదో అది చెబుతుంది.

అందుకే వలస కథల్లో కన్నీళ్ళు అబద్ధమని నేననను. అవి ఒక్కటే రాయడం మీదే నా ఫిర్యాదు. ఆమె అరబ్బీ నేర్చుకుంటుంది. కొత్త వంటలు, కొత్త బేరాలు, కొత్త భయాలు నేర్చుకుంటుంది. ఊళ్ళో తనని దూరంగా నిలబెట్టిన వీధిని ఇప్పుడు తనే దూరం నుంచి చూస్తుంది. ఆ చూపులో ఏం మారిందో చెప్పే తెలుగు నవల కోసం నేను ఎదురుచూస్తున్నాను. సెలవు దొరికిన శుక్రవారం ఆమె చూసిన సముద్రానికీ, అంతర్వేది సముద్రానికీ తేడా ఏంటో కూడా నాకు తెలుసుకోవాలనుంది.

తిరిగొచ్చాక ఇంట్లోవాళ్ళు ఎంత తెచ్చావని అడుగుతారు. వాళ్ళ అప్పులు వాళ్ళవి. రచయిత వెళ్ళి ఎంత ఏడ్చావని అడిగి నోట్‌బుక్ మూసేస్తే ఎలా? 'ఏం చూశావక్కా?' అని ఒక్కసారి అడగాలి కదా. తిరిగే ఉద్యోగం కోసం కలలు కనే మనమైతే మరీను. తిరిగొచ్చినవాళ్ళు పక్క వీధిలోనే ఉన్నారు.