చట్టంలో రోడ్డు, ఊరిలో రాకపోకలు: ప్రాదేశిక ప్రణాళికా పరిశోధనపై విమర్శ (వరికుంటపాడు ప్రాంతం నేపథ్యంగా)

వ్యాససంగ్రహం

మన ప్రణాళికా చట్టాలు భూమిని, కట్టడాన్ని, రహదారిని గుర్తిస్తాయి, ప్రయాణాన్ని గుర్తించవు. ఆ చట్టాల పరిభాషనే ప్రమాణంగా తీసుకున్న పరిశోధనలోనూ అదే లోపం కొనసాగుతుంది. నెల్లూరు జిల్లా పశ్చిమ మెట్టలోని వరికుంటపాడు ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకుని, ‘రాకపోకలు’ అన్న తెలుగు మాటలోని భావాన్ని ప్రమాణంగా స్వీకరించవలసిన అవసరాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: ప్రాదేశిక ప్రణాళిక, రాకపోకలు, మెట్ట ప్రాంతం, పల్లెవెలుగు, డొంక.

1. ఉపోద్ఘాతం

వరికుంటపాడు ఉదయగిరి శాసనసభ నియోజకవర్గంలోని మండల కేంద్రం. వానపై ఆధారపడిన సాగు, పశుపోషణ, వలస ఈ మెట్ట ప్రాంత జీవనానికి ఆధారాలు. ఇక్కడివారికి జిల్లా కేంద్రమైన నెల్లూరు దూరం, పామూరు దగ్గర. అయితే పామూరు నెల్లూరు జిల్లాలో లేదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కనిగిరి ప్రాంతంతోపాటు అది నెల్లూరు నుంచి విడిపోయింది. పాలనా సరిహద్దు మారినంత మాత్రాన సంతకూ వైద్యానికీ నడిచే దారులు మారవు. ప్రణాళికకు జిల్లాను ప్రమాణంగా తీసుకున్నప్పుడు ఈ సహజమైన రాకపోకలు పటం అంచున తెగిపోతాయి.

2. చట్టంలో పల్లె స్థానం

రాష్ట్రంలో ప్రణాళికా చట్టాల చరిత్ర ప్రధానంగా పట్టణ చరిత్ర. 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం, 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం, 2016 నాటి మెట్రోపాలిటన్ ప్రాంత, పట్టణాభివృద్ధి సంస్థల చట్టం పేర్లలోనే ఆ దృష్టి కనిపిస్తుంది. నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ 2017లో ఏర్పడింది. ఇటువంటి సంస్థ పరిధిలోకి వచ్చిన పల్లెకు లేఅవుటు అనుమతి, భూవినియోగ నియంత్రణ వస్తాయి. బస్సు రావాలన్న నియమం మాత్రం రాదు.

రాజ్యాంగంలోనూ ఈ తేడా ఉంది. మునిసిపాలిటీలకు సంబంధించిన 12వ షెడ్యూలులో మొదటి అంశమే పట్టణ ప్రణాళిక. పంచాయతీలకు సంబంధించిన 11వ షెడ్యూలులోని 29 అంశాలలో ప్రాదేశిక ప్రణాళిక లేదు. 13వ అంశంగా రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, రేవులు మాత్రం ఉన్నాయి. 243 జెడ్‌డి అధికరణం ప్రకారం ఏర్పడే జిల్లా ప్రణాళికా సంఘం ప్రాదేశిక ప్రణాళికను పరిశీలించాలి. అయితే అది పంచాయతీలకు, మునిసిపాలిటీలకు ఉమ్మడి ప్రయోజనమున్న విషయంగానే అక్కడ ప్రస్తావనకు వస్తుంది. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ 2017లో గ్రామీణ ప్రాంతాల అభివృద్ధి ప్రణాళికలకు మార్గదర్శకాలు వెలువరించింది. మార్గదర్శకం దారి చూపగలదు గాని, చట్టంలాగా బాధ్యత మోపలేదు.

3. ‘అనుసంధానం’ అనే కొలత

2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదాన ప్రాంతాల్లో 500 మందికి పైబడిన జనావాసాలకు అన్ని కాలాల్లోనూ పనికివచ్చే రోడ్డును లక్ష్యంగా పెట్టుకుంది. అటువంటి రోడ్డుకు 500 మీటర్లలోపు ఉన్న జనావాసం ఆ పథకం లెక్కలో అనుసంధానమైనట్లే. పల్లెలకు ఈ పథకం చేసిన మేలు కాదనలేనిది. సమస్య ఆ నిర్వచనాన్ని పరిశోధనలో యథాతథంగా వాడుకోవడంలో ఉంది. తారు వేసిన రోడ్డు ఉన్నా ఆ రోడ్డుపై రోజుకు ఎన్ని బస్సులు, ఏ వేళకు వస్తాయన్నది ఆ కొలతకు అందదు. అనుసంధానమైన జనావాసాల సంఖ్యనే గ్రామీణ చలనశీలతకు సూచికగా తీసుకున్న అధ్యయనం నిర్మాణ ప్రగతిని కొలుస్తుందే తప్ప ప్రయాణాన్ని కొలవదు.

బస్సును నిర్ణయించే అధికారం ప్రణాళికా చట్టాలకు వెలుపల ఉంది. పర్మిట్లు 1988 మోటారు వాహనాల చట్టం కిందికి వస్తాయి. సర్వీసుల నిర్వహణ ఆర్టీసీ డిపోల పని. ఉదయగిరి, ఆత్మకూరు డిపోల పల్లెవెలుగు బస్సుల వేళలు ఏ ప్రణాళికా పటంలోనూ ఉండవు. రాత్రి ఊరిలో ఆగి తెల్లవారుజామున బయలుదేరే ‘నైట్‌హాల్ట్’ బస్సు ఉన్న ఊరికీ లేని ఊరికీ కళాశాల చదువు విషయంలో ఎంత అంతరముంటుందో మెట్ట ప్రాంతం ఎరిగినవారికి వివరించనక్కరలేదు. ఆ అంతరానికి చట్టంలో పేరు లేదు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం పల్లెవెలుగు బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేకుండా చేసింది. బస్సు రాని ఊరిలో ఆ హక్కుకు విలువ లేదు. అక్కడ షేర్ ఆటోకు డబ్బు ఇవ్వవలసిందే.

4. ‘రాకపోకలు’: ఒక ప్రమాణం

న్యాయశాస్త్రం చట్టాన్ని, ఇంజనీరింగ్ రోడ్డును, సామాజికశాస్త్రం వలసను వేర్వేరుగా పరిశీలిస్తే వాటి మధ్యనున్న ప్రయాణం ఎవరి పరిశోధనాంశమూ కాకుండా పోతుంది. ఇక్కడ తెలుగు మాట తోడ్పడుతుంది. ‘చలనశీలత’లో కదలిక మాత్రమే ఉంది. ‘రాకపోకలు’ అన్నప్పుడు పోవడమే కాదు, తిరిగి రావడమూ ఉంది. పైగా అందులో రాకదే ముందు స్థానం. ఉదయం ఆసుపత్రికి వెళ్లిన వృద్ధురాలు అదే రోజు సాయంత్రం ఇల్లు చేరగలదా అన్నది ఈ మాట అడిగే ప్రశ్న. స్వీడన్ భూగోళశాస్త్రవేత్త టార్‌స్టెన్ హాగర్‌స్ట్రాండ్ 1970లో దూరంతోపాటు కాలం కూడా మనిషి అందుకోగల పరిధిని నిర్ణయిస్తుందని ప్రతిపాదించాడు. తెలుగు పల్లె వాడుకలో ఆ భావం ముందునుంచే ఉంది.

ఇది చట్టంగా మారడం అసాధ్యమేమీ కాదు. స్విట్జర్లాండులో ఏడాది పొడవునా కనీసం 100 మంది నివసించే జనావాసానికి ప్రజారవాణా సేవ అందించడాన్ని ప్రయాణికుల రవాణా నిబంధనలు గుర్తిస్తాయి. ఆ దేశపు ఆదాయం, రైలు వ్యవస్థ వేరు కనుక ఆ సంఖ్యను ఇక్కడికి తెచ్చుకోలేము. గమనించవలసింది సూత్రాన్ని: అక్కడి కొలత రోడ్డు కాదు, సేవ.

5. తెలుగు పరిశోధన చేయగలిగినది

పొలాల మధ్య సాగే డొంక, బండ్లబాట, కాలిబాట మెట్ట రైతు దినచర్యలో భాగం. ప్రణాళికా పటంలో ఇవి సన్నని గీతలుగానైనా మిగలకపోవచ్చు. ప్రస్తుతం దశలవారీగా నిర్మాణంలో ఉన్న నడికుడి–శ్రీకాళహస్తి రైలుమార్గం కనిగిరి, పామూరు, వరికుంటపాడు, వింజమూరు, ఆత్మకూరు మీదుగా సాగుతుంది. కట్ట డొంకకు అడ్డు వచ్చినచోట కింది దారి ఎక్కడ ఉండాలి, స్టేషను నుంచి ఊరికి ఏ వేళలో వాహనం ఉండాలి అన్నవి ఇప్పుడే అడగవలసిన ప్రశ్నలు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలను ఊరూరా తిరిగి సేకరించే పద్ధతిని చూపింది. దారుల పేర్లకు, ప్రయాణ వేళలకు అదే పద్ధతిని వర్తింపజేస్తే ప్రణాళికాశాస్త్రానికి అందని ఆధారాలను తెలుగు శాఖలు సమకూర్చగలవు.

6. ముగింపు

ప్రణాళికా చట్టం పల్లెను పట్టణం కానిదిగా, ప్రయాణాన్ని రోడ్డుగా కుదించింది. విశ్వవిద్యాలయ పరిశోధన ఆ కుదింపును ప్రశ్నించకుండా కొలతలు తీసుకున్నంతకాలం ఫలితాలు ప్రగతి నివేదికలను పోలి ఉంటాయి. ఒకే రోజులో పోయి రాగలగడాన్ని కొలతగా స్వీకరించడం, జిల్లా సరిహద్దులు దాటి సంత, వైద్యం, చదువుల దారులను పరిశీలించడం, స్థానిక పదజాలాన్ని ఆధారంగా గుర్తించడం తక్షణావసరాలు. వరికుంటపాడు వంటి ప్రాంతాలకు చట్టం ఏమి చేయాలో చెప్పాలంటే ముందు అక్కడివారు ఎటు పోతారో, ఎప్పుడు తిరిగి వస్తారో పరిశోధన తెలుసుకోవాలి.