ఊరి బస్సు ఆగే దిక్కు

హైదరాబాద్‌లో ఒక మనిషిది ఏ జిల్లానో తెలుసుకోవడానికి యాస వినాల్సిన పని లేదు, ఇల్లెక్కడో అడిగితే చాలు. ఎల్బీనగర్, వనస్థలిపురం అన్నాడంటే నల్లగొండ, ఖమ్మం, విజయవాడ దిక్కు. ఉప్పల్, బోడుప్పల్ అంటే వరంగల్. తిరుమలగిరి, అల్వాల్, బొల్లారం అంటే మనోడే, పాత కరీంనగర్ జిల్లావాడు. ఈ లెక్కకు అందనివాళ్లూ ఉంటారు గాని, నేను చాలాసార్లు పందెం కాసి గెలిచాను. ఇందులో మర్మమేం లేదు. జగిత్యాల బస్సయినా సిరిసిల్ల బస్సయినా సిద్దిపేట దాటి, రాజీవ్ రహదారి పట్టుకుని, శామీర్‌పేట, అల్వాల్ మీదుగా నగరంలో దిగుతుంది. జూబ్లీ బస్ స్టేషన్‌లో, అంటే జేబీఎస్‌లో ఆగుతుంది. మొదట వచ్చినవాడు బస్సు దిగిన దిక్కే గది చూసుకున్నాడు. రెండోవాడు మొదటివాడి గదిలో దిగి, నెల తర్వాత పక్క గల్లీలో ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. మూడోవాడు అక్కడే ప్లాటు కొన్నాడు.

కొన్ని నెలల కిందట మా మేనకోడలికి గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది. నాచుపల్లి జేఎన్టీయూలో చదివిన పిల్ల. అపాయింట్‌మెంట్ లెటరు వచ్చిన రాత్రే ఫోన్‌లో మ్యాపు తెరిచి, ఆఫీసు చుట్టూ తిరిగి కొండాపూర్‌లో ఒక హాస్టల్ పట్టింది. "మామా, ఆఫీసుకు పది నిమిషాల నడక. ఇంకేం గావాలె?" అంది. పక్కనున్న మా అక్క ఫోన్ గుంజుకుంది. "తమ్మీ, జేబీఎస్‌ల దిగి బియ్యం మూట వట్టుకోని నేను ఆడిదాక ఎట్ల పోవాల్నో జర అడుగు దాన్ని."

ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే ఊరి గురించి. పిల్ల మ్యాపుకు నడిమధ్యన ఆఫీసుంది, తల్లి మ్యాపుకు బస్టాండు. ఎవరిది సరైనదని నన్ను తీర్పు చెప్పమన్నారు. అక్కడికక్కడ చెప్పలేదు గాని, ఆ వారమంతా దాని మీదే ఆలోచించాను. ఇల్లు చూసుకోవడం ఒక పనితనం. వంట లాగే తెలిసినవాళ్ల పక్కన ఉండి నేర్చుకునేదే తప్ప ఎవరూ బడిలో చెప్పరు. మా దిక్కు ఈ విద్యకు కొదవ లేదు. దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి అని మా బతుకుల్ని మూడు మాటల్లో చెప్పుకున్నవాళ్లం. మూడుచోట్లా మొదట వెతుక్కున్నది తల దాచుకునే జాగానే కదా.

బొంబాయి పక్కన భివండీ సంగతి చూడండి. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగినప్పుడల్లా కార్మికుడు ఎక్కేది భివండీ బస్సే. ఒంటరిగా పోయినన్నాళ్లూ అతనికి ఇల్లు అక్కర్లేదు. పన్నెండు గంటల షిఫ్టు అయ్యాక సాంచాల షెడ్డులోనే ఒక మూల చాప పరిచేవాడు. ఆ చప్పుడులో నిద్రెలా పడుతుందని అడిగితే, చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుందన్నాడు నాతో ఒక పెద్దాయన. కరెంటు పోతే షెడ్డులో పడుకున్నవాళ్లంతా ఒక్కసారి లేచి కూర్చునేవారట. తిండి ఖానావళిలో. నెలకింతని ఇచ్చి, ఎవరో ఒకామె వండిపెట్టే రెండు పూటల భోజనం తినేవారు.

భార్యను తీసుకురావాలనుకున్న రోజు లెక్క మారిపోయేది. అప్పుడు పద్మనగర్‌లో గది దొరుకుతుందా అని చూసేవాడు. పద్మనగర్ భివండీలో తెలుగు పద్మశాలీల పేట. సాంచాలకు దగ్గరగా ఇంతకంటే చవకైన గదులు లేకపోలేదు. అయినా ఆ పేటే ఎందుకు? మా దిక్కు ఆడవాళ్ల చేతిలో బీడీల పని ఉంది. కోరుట్లలో, జగిత్యాలలో, సిరిసిల్లలో అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించే ఆడవాళ్లు కనిపించని వాడ లేదు. బొంబాయి దిక్కు పోయినా ఆ పని సాగాలంటే ఆకు, తంబాకు ఇచ్చే కార్ఖానా నడిచిపోయేంత దూరంలో ఉండాలి. ఆకు నానబెట్టడానికి నీళ్లుండాలి, కూర్చుని చుట్టడానికి గడప బయట రెండడుగుల వెలుతురుండాలి. పక్కన కూర్చుని మాట్లాడే మనిషి మన భాష మనిషై ఉండాలి. మొగుడి షిఫ్టు వారం వారం పగటికీ రాత్రికీ మారుతుంటే, పొద్దంతా పిల్లాణ్ని కనిపెట్టుకునే కన్ను ఇంకొకటి ఉండాలి. కిరాయి నాలుగు పైసలు ఎక్కువైనా ఇవన్నీ ఉన్నచోటే గది తీసుకునేవారు. వాళ్లు చదువుకోనివాళ్లని మనం అనుకుంటాం. ఒక కుటుంబం రోజు మొత్తాన్ని గంట గంటకు లెక్కవేసి ఇల్లు ఎంచుకున్నవాళ్లు వాళ్లు. పిల్ల మ్యాపులో లెక్కకొచ్చింది ఒక్క మనిషి, ఆ మనిషి రోజులో పది నిమిషాలు.

బడి సంగతి కూడా ఇందులోకే వస్తుంది. ముంబై కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడులు నడిపింది. సూరత్ కార్పొరేషనూ నడిపింది. బడి ఎక్కడుంటే గదులు అక్కడ నిండాయి. సూరత్‌లో లింబాయత్, షోలాపూర్‌లో తూర్పు పేటలు, బొంబాయి వర్లీలో బీడీడీ చాళ్లు, అన్నీ పనీ బడీ చూసుకుని ఇలా నిండినవే.

బీడీడీ చాళ్ల కథ నాకు అన్నిటికంటే వింతగా ఉంటుంది. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు కట్టిన చాళ్లవి. ఒక్కో కుటుంబానికి ఒక్కటే అర్ర, మరుగుదొడ్లు అందరికీ కలిపి వరండా కొసన. మిల్లు భోంగా మోగితే వినిపించేంత దూరమని మనవాళ్లు అక్కడ చేరారు. షిఫ్టుకొకరు పనికి పోతుంటే షిఫ్టుకొకరు పడుకునేంత ఇరుకు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది కార్మికులు దిగిన ఆ సమ్మె గెలవకుండానే చల్లారిపోయింది. తర్వాత మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. కొందరు భివండీ సాంచాల మీదికి పోయారు, కొందరు సిరిసిల్ల తిరిగొచ్చారు. మిల్లుకు దగ్గరని తీసుకున్న గదికి మిల్లే లేకుండా పోయింది. కాని గది వదలని వాళ్లున్నారు. ఆ చాళ్లను పడగొట్టి కొత్త ఇళ్లు కట్టే పనికి 2017లో భూమిపూజ జరిగింది. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి విడత కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఫ్లాట్ల తాళాలు చేతికిచ్చారు. ఉద్యోగం కోసం చూసుకున్న ఇల్లు ఉద్యోగం పోయి నలభై ఏళ్లయినా నిలిచింది. కొండాపూర్ హాస్టల్ బెడ్డుకు ఇంత ఆయుష్షు ఉంటుందని నేననను. కంపెనీ మారితే ఆఫీసు కోకాపేటకు పోవచ్చు, ఉప్పల్‌కూ పోవచ్చు. పది నిమిషాల నడక అనేది ఆ ఒక్క కంపెనీతో కుదిరిన ఒప్పందం.

దుబాయి పోయినవాడికి ఈ ఎంపిక కూడా లేదు. కంపెనీ వీసా మీద పోతే క్యాంపు కంపెనీ ఇష్టం. సోనాపూర్ అంటే సోనాపూర్, జబల్ అలీ అంటే జబల్ అలీ. కోరుట్లలో ఏ గల్లీలో అడిగినా ఈ పేర్లు పక్క ఊళ్ల పేర్లలా చెప్తారు. అక్కడ మనిషి చేతిలో మిగిలే ఎంపిక ఒక్కటే, కింది మంచమా, పై మంచమా. కింది మంచానికి చుట్టూ లుంగీలతో తెర కట్టుకోవచ్చు, సూట్‌కేసు కాళ్ల దగ్గరే ఉంటుంది. కాని గదిలోకి వచ్చిన ప్రతివాడూ దాని మీదే కూర్చుంటాడు. పై మంచం మీద ఎవరూ కూర్చోరు, ఇంటికి వీడియో కాల్ చేసుకోవచ్చు. మోకాళ్ల నొప్పులుంటే మాత్రం నిచ్చెన ఎక్కడం నరకం. మా ఊరి మనిషి ఒకాయన పన్నెండేళ్లు అక్కడ ఉండొచ్చి, పై మంచం సంపాదించడానికి ఎన్ని నెలలు ఎదురుచూశాడో ఇల్లు కట్టినంత గొప్పగా చెప్తాడు. ఏ కంపెనీకీ కట్టుబడని ఆజాద్ వీసావాళ్లు దేరాలోనో షార్జాలోనో బెడ్ స్పేస్ వెతుక్కునేవారు. వాళ్లకు కాస్త స్వేచ్ఛ ఉండేది, దానికి తగ్గ భయమూ ఉండేది. ఇంటింటి నుంచి ఇంతమంది పరాయి ఊర్లకు పోయిన మనకు, 'ఎక్కడుండాలి' అని అడిగే హక్కు ఎంత విలువైనదో పిల్లలకు చెప్పాలనిపించకపోవడం నాకు ఆశ్చర్యం.

ఇంతమాత్రాన పాత పద్ధతే బంగారమని నేననడం లేదు. ఊరివాళ్ల మధ్య ఉంటే ఊరి కళ్లూ వెంటే వస్తాయి. ముప్పై ఏళ్లు బొంబాయిలో ఉండి బొంబాయి చూడనివాళ్లను నేనెరుగుదును. కొత్తగా పెళ్లయిన పిల్ల నైటీ వేసుకుని నల్లా దగ్గరికొస్తే ఆ కబురు సాయంత్రానికి సిరిసిల్ల చేరేది. అంతకంటే పెద్దది ఇంకొకటుంది. మనోళ్లు అన్నప్పుడు ఆ మాట వెనక కులం ఉండేది. పద్మనగర్ పద్మశాలీలకు ఆసరా అయింది, నిజమే. అదే బస్సులో అదే ఊరి నుంచి పోయిన మాదిగ పిల్లగాడికి ఆ గడప అంత తేలిగ్గా తెరుచుకోలేదు. హైదరాబాద్‌లో ఇప్పటికీ టులెట్ బోర్డు కింద నిలబడితే ఇంటి ఓనరు అడిగే మొదటి మాట "మీరెవలు?" అది పేరు కోసం అడిగేది కాదు. ముస్లిం పిల్లలకైతే ఆ మాట కూడా అవసరం లేదు, పేరు చెప్పగానే గది 'నిన్ననే పోయింది' అంటారు. హాస్టళ్ల మీద నాకు ఎంత చిరాకున్నా ఒక్క విషయంలో వాటిని మెచ్చుకోవాలి. చాలావాటిలో పైసలు కడితే కులం అడగరు.

తీర్పు చెప్పే బదులు మేనకోడలి వెంట నేనే గదులు చూడబోయాను. చూసేది ఆదివారం పొద్దున కాదు, పనిరోజు సాయంత్రం ఆఫీసు వదిలే వేళకు అని ముందే చెప్పాను. గచ్చిబౌలి నుంచి ఆ వేళకు గది చేరడానికి పట్టే సమయమే అసలు దూరం. మ్యాపు చెప్పేది నమ్మొద్దు. పైఅంతస్తు గది చూపిస్తే ముందు బాత్రూం నల్లా విప్పాలి, వంటింటి నల్లా కూడా వెంటనే విప్పాలి. రెండూ ఒకేసారి పారితేనే నీళ్లున్నట్టు. ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకర్ పైసలు ఎవరు పెట్టుకుంటారన్నది ఓనరును అడిగి లాభం లేదు, కింది పోర్షన్ ఆమెను అడగాలి. ఆమె చెప్పే ముందు మెట్ల దిక్కు ఒకసారి చూసిందంటే జవాబు వచ్చినట్టే. లోపలి అర్రలో ఫోన్ సిగ్నల్ ఉందా చూడాలి, ఇంట్లో కూర్చుని పని చేసే రోజులుంటాయి కదా. మెయిన్ రోడ్డు నుంచి గడప దాకా చీకటి పడ్డాక నడిచి చూడాలి. వీధి దీపం వెలగనిచోట ఆడపిల్లకు గది వద్దు, కిరాయి సగమైనా సరే. అడ్వాన్సు హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలలతో సరి, బెంగళూరు లాగా పది నెలలది అడిగే రోజులు ఇంకా రాలేదు. అది తిరిగొచ్చేటప్పుడు రంగుల కర్చని ఎంత కోస్తారో ఇచ్చేముందే కాగితం మీద రాయించుకోవాలి.

చివరికి యూసుఫ్‌గూడలో రెండో అంతస్తు గది కుదిరింది, కోరుట్ల పిల్లతో కలిసి. తల్లి మ్యాపు, బిడ్డ మ్యాపు రెండూ కలిసే గీత ఒకటుంది, అది మెట్రో నీలి గీత. ఒక స్టేషన్ పరేడ్ గ్రౌండ్, అంటే జేబీఎస్ పక్కనే. కొస రాయదుర్గం, అక్కడి నుంచి ఆఫీసు బండి ఉంటుంది. 2019 నవంబరులో ఆ లైను రాయదుర్గం దాకా పోయినప్పటి నుంచి, పారడైజ్, బేగంపేట, మధురానగర్, యూసుఫ్‌గూడ గల్లీలు మా దిక్కు పిల్లలకు పనికొచ్చే జాగాలయ్యాయి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సులు ఉచితం కాబట్టి, మెట్రో పైసలు మిగిల్చుకోవాలంటే ఆ దారీ ఉంది. పిల్ల ఇప్పటికీ పొద్దున నలభై నిమిషాలు పోతున్నాయని గునుస్తుంది. మా అక్క మాత్రం మే నెలలో జగిత్యాల మామిడిపండ్ల డబ్బా మెట్రోలో మోసుకుని తనే వచ్చింది, ఎవరినీ తోడు పిలవకుండా.

జూన్, జూలైలలో మళ్లీ కొత్త పిల్లలు జేబీఎస్‌లో దిగుతారు. సిరిసిల్లకు ఇంకా రైలు లేదు, వాళ్లు వచ్చేదీ బస్సులోనే. వాళ్లలో ఎవరో ఒకరు మీ నంబరు పట్టుకుని ఫోన్ చేస్తారు, "అన్నా, ఏ ఏరియాల గది చూసుకుంటే మంచిది?" అని. నాలుగు పేర్లు వాట్సాప్‌లో పంపి ఊరుకోకండి. వాళ్లు ఎవరని అడగకుండా, ఒక పనిరోజు సాయంత్రం వాళ్ల వెంట నడవండి, ఆ నల్లాలు మీరే విప్పి చూడండి.