కార్తెలు నడిపే పెరడు

చిక్కుడు గింజని ఆషాఢంలో పాదు పెడితే కార్తీకానికి కాయలు కోసుకోవచ్చు. అదే గింజని ఉగాదికి పెడితే తీగ గోడ దాటి పక్కింటి దాకా అల్లుకుంటుంది, ఆకు విరగబడి వస్తుంది, పువ్వు మాత్రం పుయ్యదు. ఎరువు చాల్లేదని ఒకరంటారు, విత్తనం మంచిది కాదని ఇంకొకరంటారు. తప్పు ఎరువుదీ కాదు, విత్తనానిదీ కాదు. మన నాటు తీగచిక్కుడు రాత్రి పొడవును బట్టి పూతకొస్తుంది. రాత్రులు తగినంత పొడవైతే గాని దానికి పూత పట్టదు. ఈమధ్య వచ్చిన పొద చిక్కుడు రకాలకి ఈ పట్టింపు లేదు కానీ, కమ్మదనానికి నాటు చిక్కుడే. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెడతాం కదా. మాఘమాసానికి ప్రతి పెరట్లోనూ చిక్కుడు కాపు మీద ఉంటుందన్న భరోసా లేకపోతే అలాంటి ఆచారం పుట్టేది కాదు.

పెరటి విద్యలో ముప్పాతిక వంతు ఇలా అదను తెలియడమే. మన పెద్దవాళ్ళు పండగలు తిథుల్ని బట్టి చేసుకున్నా, విత్తనం మాత్రం కార్తెను బట్టి పెట్టారు. అందులో చాలా తెలివి ఉంది. చాంద్రమాన మాసాలు ఏటేటా ముందుకీ వెనక్కీ జరుగుతాయి, అధికమాసం వస్తే ఏకంగా నెల తేడా పడుతుంది. కార్తె సూర్యుడి నడక మీద కట్టిన లెక్క. ఏడాదిని 27 నక్షత్రాలకు పంచితే ఒక్కో కార్తెకు 13, 14 రోజులు వస్తాయి. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో వస్తాయి, ఏ ఏడు చూసినా తేడా ఒక రోజుకు మించదు. మొక్కకు కావలసింది ఎండా వానా కాబట్టి దాని క్యాలెండరు కూడా సూర్యుడిదే అయింది.

మృగశిరలో తొలకరి పడ్డాక పాదుల పని మొదలవుతుంది. మూరెడు వెడల్పు, మూరెడు లోతు గుంట తీసి, బాగా చివికిన పశువుల ఎరువు, కాస్త బూడిద మట్టిలో కలిపి పూడ్చి, నేలమట్టం కంటే కొంచెం ఎత్తుగా ఉంచాలి. వానాకాలంలో పాదు పల్లంగా ఉంటే వేరు కుళ్ళిపోతుంది. బీర, ఆనప, పొట్ల, కాకర గింజల్ని రాత్రంతా నానబెట్టి పాదుకు నాలుగేసి పెట్టి, మొలిచాక బలమైన రెండింటిని ఉంచితే చాలు. దొండకు మాత్రం గింజ పనికిరాదు. అందులో మగతీగ వేరు, ఆడతీగ వేరు. గింజ మొలిచి ఏది వస్తుందో తెలియదు కనుక, కాసే తీగ ముక్కనే తెచ్చి నాటాలి. ఒకసారి పట్టుకున్న దొండపాదు ఏళ్ళ తరబడి కాస్తుంది.

తీగలు పందిరెక్కాక కొత్తగా పెంచేవాళ్ళని బెంగపెట్టే సంగతి ఒకటుంది. పూత బోలెడు పూసి రాలిపోతుంది, కాయ నిలవదు. మొదట వచ్చేవన్నీ మగపూలే, అవి రాలడం సహజం. వారం పది రోజుల తర్వాత ఆడపూలు మొదలవుతాయి. పువ్వు వెనక చిటికెన వేలంత పిందె కనిపిస్తే అది ఆడపువ్వు, సన్నటి కాడ మాత్రమే ఉంటే మగపువ్వు. అప్పుడూ పిందెలు పసుపు తిరిగి రాలుతున్నాయంటే పుప్పొడి అందడం లేదన్నమాట. గుమ్మడి తెల్లవారుజామున విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. బీర సాయంత్రం పూస్తుంది. ఆనప తెల్లపూలూ, అంచుకు దారాలు అల్లినట్టుండే పొట్ల పూలూ పొద్దు వాలాక విచ్చుకుంటాయి, వాటి దగ్గరికి వచ్చేవి రాత్రి పురుగులు. వీధి దీపాలూ దోమల మందులూ ఎక్కువైన చోట ఆ పురుగులు రావు. అప్పుడు మనమే పూనుకోవాలి. మగపువ్వు తెంపి, రెక్కలు ఒలిచేసి, లోపలి పుప్పొడి కాడని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దితే సరి. గుమ్మడికి పొద్దున ఏడింటిలోపు, ఆనపకి దీపాలు పెట్టే వేళ. మూడో రోజుకల్లా పిందె నిగనిగలాడుతూ ఊరడం కనిపిస్తుంది.

ఆనప తీగ మనిషెత్తు పెరిగాక దాని కొస తుంచేయమంటారు. పచ్చని చివురు తుంచడానికి చెయ్యి రాదు గానీ, తుంచాలి. ఆ తీగలో ఆడపూలు ఎక్కువగా వచ్చేది పక్కనుంచి చీలే పిల్లతీగల మీదే. పొట్లకాయ జానెడు దిగగానే కొసకు చిన్న రాయి దారంతో కట్టడం ఇప్పటికీ పల్లెల్లో చూస్తాం. ఆ బరువుకి కాయ వంకర్లు పోకుండా నిటారుగా దిగుతుంది. రాయి మరీ బరువైతే పిందె తెగిపోతుంది, అందుకే కాయ పెరిగేకొద్దీ రాయి మారుస్తారు.

పందిరి కింద నీడని కూడా మనవాళ్ళు వృథా పోనివ్వలేదు. పసుపు, అల్లం, చేమ, బచ్చలి ఆ నీడలోనే హాయిగా పెరుగుతాయి. కందని ఒక్కో ముక్కకీ ఒక కన్ను ఉండేలా కోసి, పేడనీళ్ళలో ముంచి, నీడన ఆరబెట్టి వేసవి చివర్లో పాతితే, ఏడెనిమిది నెలలకు గొడుగులాంటి ఆకు పసుపెక్కి వాలిపోతుంది. తవ్వుకోవచ్చునని అదే గుర్తు. గోదావరి జిల్లాల కంద బచ్చలి కూరకి కావలసిన రెండూ ఒకే పందిరి కింద దొరుకుతాయి.

వానాకాలంలో మనం విత్తనమెయ్యకుండానే మొలిచే కూరలు కూడా ఉన్నాయి. గంగవాయిలి, పొన్నగంటి, గలిజేరు, తెలంగాణలో వినాయక చవితికి తప్పనిసరిగా వండుకునే తుమ్మికూర. కలుపని పీకి పారేసే ముందు ఒక్కసారి ఇంట్లో పెద్దావిడకు చూపించడం మంచిది.

హస్త, చిత్త కార్తెల నాటికి వాన తగ్గి గాలి మారుతుంది. టమాటా, వంగ నారు నాటడానికి అది మంచి అదను. పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే టమాటా పూత రాల్చేస్తుంది కాబట్టి, ఆ మొక్క సుఖపడేది శీతాకాలంలోనే. నారు సాయంత్రం పూటే నాటాలి, రాత్రి చల్లదనానికి వేరు కుదురుకుంటుంది. పాలకూర, మెంతికూర, కొత్తిమీర కూడా ఈ రోజులవే. ధనియాల్ని అరచేత్తో నలిపి రెండు బద్దలు చేసి చల్లకపోతే సరిగ్గా మొలవవు. అయితే ఈ లెక్క అంతటా ఒక్కటి కాదు. నెల్లూరు వైపు అసలు వానలు పడేదే అక్టోబరు, నవంబరు నెలల్లో. రాయలసీమలో జూన్, జులై వానల్ని నమ్ముకుని పాదులు పెడితే మధ్యలో ఎండిపోతాయి, అక్కడ సెప్టెంబరు వానే ఆధారం. ఎక్కడి పెరడు అక్కడి వానను అనుసరించాలి, పుస్తకాన్ని కాదు.

చలికాలపు శత్రువు పేనుబంక. చిక్కుడు పూత కంకుల నిండా నల్లగా పట్టేస్తుంది. దానికి పొయ్యి బూడిదని మించిన మందు నాకు కనబడలేదు. పొద్దున్నే ఆకు మీద మంచు తడి ఆరకముందే జల్లించిన బూడిద చల్లితే అది అంటుకుని ఉంటుంది, ఎండొచ్చాక చల్లితే గాలికి పోతుంది. వంగ కొమ్మల చివర్లు వాలిపోతే లోపల పురుగు ఉందని అర్థం. ఆ కొసల్ని జానెడు కిందికి తుంచి పెరటి బయట నాశనం చేయాలి, మొక్క మొదట్లో పడేస్తే ప్రయోజనం లేదు. బెండ ఆకులు పసుపు ఈనెలతో వస్తే ఆ మొక్కని పీకేయడమే, లేకపోతే తెల్లదోమ ఆ తెగులుని మిగతావాటికి అంటిస్తుంది. తప్పనిసరైతే వేపగింజల కషాయం ఉంది. 50 గ్రాముల వేపపప్పు దంచి గుడ్డలో మూటకట్టి లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పిండి వడగట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి పొద్దు వాలాక కొట్టాలి. ఎండకి ఆ కషాయం బలం చచ్చిపోతుంది.

సంక్రాంతి పనులు తీరాక మల్లె పొదని చూడాలి. నీళ్ళు ఆపి, ఆకంతా దూసి, కొమ్మలు కత్తిరించి, మొదలు తవ్వి ఎండ తగలనివ్వాలి. చూడ్డానికి పుల్లల మోపులా ఉంటుంది. తర్వాత ఎరువేసి నీళ్ళు పెడితే ఒక్కసారిగా చిగురేసి మొగ్గ తొడుగుతుంది. మార్చి నుంచి మే దాకా ఇంటికి వచ్చే ఆ వాసనంతా జనవరి కత్తెర పుణ్యమే.

వేసవిలో పెరడుని కొంత భాగమైనా ఖాళీగా వదలడం నేర్చుకోవాలి. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలోనే మడిని లోతుగా తిరగేసి పెళ్ళలు పైకి తేలేలా వదిలేస్తే, మట్టిలో దాగిన పురుగుల గుడ్లు, కోశాలు మాడిపోతాయి. ఇదీ ఖర్చులేని మందే. పచ్చగా ఉంచుకోవలసిన మొక్కల పక్కన కాల్చిన మట్టికుండని మెడదాకా పాతి నీళ్ళు నింపి మూత పెడితే, అది చెమర్చినంత మేర వేళ్ళకు తడి అందుతుంది. రాలిన ఆకుని తగలబెట్టొద్దు, మొక్కల మొదళ్ళలో కప్పితే అదే తడి నిలుపుతుంది, అదే ఎరువవుతుంది.

నీళ్ళ విషయంలో పాత ఇళ్ళ కట్టడి చూస్తే గౌరవం కలుగుతుంది. బావి గట్టు నుంచి, స్నానాల గది నుంచి పోయే నీళ్ళన్నీ ముందు అరటి దగ్గరికి, అక్కడ మిగిలింది చేమ మడికి. అరటికి సూది పిలక ఒక్కటి ఉంచి మిగతావి తీసేస్తే గెల దిగే నాటికి తర్వాతి చెట్టు సిద్ధంగా ఉంటుంది. చివరి అత్తం విడిచాక పువ్వు కోసి ఆవ పెట్టి వండుకుంటారు, గెల కొట్టాక దూట కూరవుతుంది, ఆకు విస్తరవుతుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు ఉండాలని చెప్పింది. నలుగురున్న ఇంటికి అంతా పెరట్లోంచి రాదు. కానీ ఆకుకూరలు, కరివేపాకు, మునగ, సీజనుకి రెండు పాదుల కాయలు తప్పకుండా వస్తాయి, అవీ కోసిన గంటలో పొయ్యెక్కుతాయి. ఆకుకూరలోని విటమిన్ సి కోసిన దగ్గర్నుంచీ తరిగిపోతూ ఉంటుంది గనుక, ఆ గంట తేడాకు విలువుంది.

ఇంతకీ మన చేతిలోంచి జారిపోతున్నది విత్తనం. సంకరజాతి విత్తనం నుంచి తీసిన గింజ తల్లి లక్షణాలు నిలుపుకోదు, కాబట్టి ప్రతి ఏడూ కొనాల్సిందే. నాటు విత్తనానికి ఆ బాధ లేదు. బలమైన తీగ మీద, కాపు మధ్యలో దిగిన మంచి బీరకాయని గుర్తుగా దారం కట్టి కోయకుండా వదిలేయాలి. అది తీగ మీదే ఎండి, ఊపితే గలగలమనాలి. చూరుకు వేలాడదీస్తే పీచులోపల గింజ పదిలంగా ఉంటుంది. వంగ, మిరప, గుమ్మడి గింజల్ని నీడన ఆరబెట్టి బూడిదలో కలిపి మట్టిపిడతలో పోస్తారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు పాత పంటల విత్తనాల్ని ఇళ్ళల్లోనే దాచి, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటూ నిలబెట్టారు.

మీ ఊళ్ళోనో, మీ వీధిలోనో నాటు చిక్కుడో, పాత రకం పొట్లో దాచుకున్న పెద్దావిడ ఒకరు ఉండే ఉంటారు. వచ్చే మృగశిర లోపు వెళ్ళి నాలుగు గింజలు అడగండి. కాసిన వాటిలో రెండు కాయలు విత్తనానికి వదిలి, ఆ గింజల్లో సగం ఇంకో ఇంటికి ఇవ్వండి.