తప్పుల ఉత్తరాలతో మెయిల్ సర్వర్లకు పరీక్ష

మెయిల్ సర్వర్ పటిష్ఠత సక్రమమైన ఉత్తరాలను చేరవేయడంలో కంటే, నియమం తప్పిన ఉత్తరం ఎదురైనప్పుడు అది ఏం చేస్తుందన్న దానిలోనే ఎక్కువగా తెలుస్తుంది. సర్వర్లు ఉత్తరాలను ఒకదానికొకటి అందించుకునే ఎస్ఎంటీపీ పద్ధతిని జాన్ పోస్టెల్ 1982లో ఆర్ఎఫ్‌సీ 821 అనే ప్రమాణపత్రంలో నిర్దేశించారు. పంపేటప్పుడు కట్టుదిట్టంగా, అందుకునేటప్పుడు ఉదారంగా ఉండాలన్న సూత్రాన్ని అంతకు ముందే ఇంటర్నెట్ ప్రమాణాలలో ప్రతిపాదించినవారూ ఆయనే. వేర్వేరు చోట్ల తయారైన యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడమే కష్టమైన ఆ కాలంలో ఈ ఉదారత ఎంతో మేలు చేసింది. అయితే ఒకే తప్పును రెండు సర్వర్లు రెండు విధాలుగా క్షమిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు అందులో సమాధానం లేదు.

ఆ ప్రశ్న తీవ్రత 2023 డిసెంబరులో వెల్లడైన ‘ఎస్ఎంటీపీ స్మగ్లింగ్’ లోపంతో బయటపడింది. ప్రమాణం ప్రకారం ప్రతి పంక్తి చివర సీఆర్, ఎల్ఎఫ్ అనే రెండు కనిపించని గుర్తులు జంటగా ఉండాలి, ఒక్క చుక్క మాత్రమే ఉన్న పంక్తి వస్తే ఉత్తరం ముగిసినట్లు. ఈ జంటలో ఒక గుర్తు లోపించిన ముగింపును పంపే సర్వర్ మామూలు పాఠంగా భావించి యథాతథంగా ముందుకు పంపగా, అందుకునే సర్వర్ దాన్నే అసలు ముగింపుగా తీసుకుంటే, ఆ తరువాతి వాక్యాలు కొత్త ఆదేశాలుగా చెల్లుబాటై, మరొకరి పేరుతో నకిలీ ఉత్తరం పుడుతుంది. అది నమ్మకమైన సర్వర్ నుంచే వచ్చినందువల్ల పంపిన యంత్రానికి అధికారం ఉందో లేదో చూసే ఎస్‌పీఎఫ్ తనిఖీని కూడా దాటగలదు.

కాబట్టి ఒక సర్వర్‌ను ఒంటరిగా పరీక్షించడం చాలదు. అది 250 అనే అంగీకార సంకేతం ఇచ్చాక కూడా, భద్రపరచిన ప్రతిని, తరువాతి సర్వర్‌కు అందిన ప్రతిని బైటు బైటుగా పోల్చిచూడాలి. సాధారణ మెయిల్ ప్రోగ్రాములు తప్పులను పంపకముందే దిద్దేస్తాయి కనుక, పరీక్షకుడు సొంత ప్రయోగశాలలోని సర్వర్‌కు నేరుగా అనుసంధానమై తప్పుడు బైట్లను తానే పంపవలసి ఉంటుంది.

తెలుగు ఉత్తరాల విషయంలో ఈ పోలిక మరింత అవసరం. తెలుగు శీర్షికను బేస్64 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులుగా మార్చి, ఒక్కొక్కటీ 75 గుర్తులకు మించని ముక్కలుగా పంపుతారు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో ముక్కకు పట్టేది 45 బైట్లు. తెలుగు వర్ణచిహ్నం ప్రతిదీ 3 బైట్లు కాబట్టి ఖాళీలు లేని 15 చిహ్నాలు సరిగ్గా ఇముడుతాయి, కానీ మధ్యలో ఒక్క ఖాళీ చేరితే 45వ బైటు దగ్గరి కోత చిహ్నం మధ్యలో పడుతుంది. అలా చీల్చకూడదని ప్రమాణం స్పష్టంగా చెబుతున్నా, బైట్లను మాత్రమే లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ చీల్చేస్తుంది. ముక్కలన్నిటినీ కలిపి చదివే ప్రోగ్రాములో ఆ శీర్షిక చక్కగానే కనిపిస్తుంది, విడివిడిగా చదివే దానిలో అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం మిగులుతుంది. ఖాళీలు లేని ఒక్క పదంతో పరీక్షించి తృప్తిపడేవారికి ఈ లోపం ఎన్నటికీ దొరకదు. తెలుగులో ఉత్తరాలు పంపే వ్యవస్థలను నిర్మించేవారు ఒకటి, రెండు ఖాళీలున్న పొడవైన శీర్షికలతో, కనీసం రెండు వేర్వేరు ప్రోగ్రాములలో తెరిచి పరీక్షించిన తరువాతే వాటిని ప్రజల ముందుకు తేవాలి.