రెండవ వరుసలోని మనిషి: క్లాడ్ రెయిన్స్ నటన

రంగస్థలం మీదనైనా వెండితెర మీదనైనా కథ నాయకునిది. కాని కథలోని ధర్మసంకటం తరచుగా నాయకునిది కాదు. నాయకునికి తన మార్గం తెలిసి ఉంటుంది. తెలిసీ మార్గం తప్పిన వాని వేదనను మోసేది రెండవ వరుసలో నిలిచిన పాత్ర. అటువంటి పాత్రలకే తన ప్రతిభను ధారపోసిన ఆంగ్ల నటుడు క్లాడ్ రెయిన్స్. ఆయనను ప్రతినాయక పాత్రధారిగా తలచుకోవడం పరిపాటి. ఆ అంచనాలో సగమే సత్యం ఉన్నది.

1889 నవంబరు 10న లండనులో జన్మించిన రెయిన్స్‌కు పుట్టుకతో వచ్చినవి కాక్నీ యాస, మాటలో తడబాటు. పదేళ్ల ప్రాయంలోనే రంగస్థలం ఎక్కినా, తరువాత ఆయనకు దొరికిన కొలువు నటులను వేళకు వేదిక మీదికి పిలిచే కుర్రవాని పని. ఆ నాటకశాల అధిపతి హెర్బర్ట్ బీర్‌బోమ్ ట్రీ బాలునిలోని శక్తిని గుర్తించి, ఉచ్చారణ శిక్షణకయ్యే ఖర్చును తానే భరించినాడు. మొదటి ప్రపంచయుద్ధంలో వీమీ వద్ద విషవాయువు సోకి ఒక కంటిచూపు దాదాపుగా పోయింది. సాధనతో సంపాదించిన కంఠం మాత్రం నిలిచింది. 1920లలో ఆయన లండనులోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో ఉపాధ్యాయుడైనాడు. జాన్ గీల్‌గుడ్, చార్లెస్ లాటన్ అక్కడ ఆయన శిష్యులు.

1933లో వచ్చిన ‘ది ఇన్విజిబుల్ మాన్’ ఆ కంఠానికి విచిత్రమైన పరీక్ష పెట్టింది. ఎచ్.జి. వెల్స్ నవల ఆధారంగా తీసిన ఈ చిత్రంలో ఆయన ముఖం కనిపించేది చిట్టచివరి క్షణాలలో మాత్రమే. భరతుడు చెప్పిన చతుర్విధాభినయాలలో ముఖాభినయానికి చోటే లేకపోయింది. భారమంతా వాచికం మీద పడింది. అలసిన శాస్త్రజ్ఞుని విసుగు క్రమంగా అధికారోన్మాదంగా మారే తీరును ప్రేక్షకుడు చెవులతోనే గ్రహిస్తాడు. కంఠం ఎంత హెచ్చినా, అడుగున ఒక భీతి వినిపిస్తూనే ఉంటుంది.

ఆ అడుగు స్వరమే ఆయన ఉత్తమ పాత్రలన్నింటిలోనూ ఉన్నది. ‘మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్’ (1939)లో సెనెటర్ పెయిన్ తన చనిపోయిన మిత్రుని కొడుకు మీద అబద్ధపు నేరం మోపుతాడు. అంతకు ముందే, రైలు ప్రయాణంలో ఆ మిత్రుని ప్రస్తావన వచ్చినప్పుడు పెయిన్ ముఖంలో ఒక నీడ కదలుతుంది. చివర సభలో అతడు నిజం ఒప్పుకొనడం మనకు అసహజమని తోచకపోవడానికి కారణం ఆ నీడయే. ‘కాసాబ్లాంకా’ (1942)లో పోలీసు అధికారి రెనో జూదగృహాన్ని మూయించే క్షణంలోనే తన గెలుపు సొమ్మును జేబులో వేసుకుంటాడు. అతని అవినీతి ఎంత సరసంగా ఉన్నా, తన మీద తనకు గౌరవం లేదన్న సంగతిని నటుడు దాచలేదు.

‘నొటోరియస్’ (1946) ముగింపు ఈ కళకు పరాకాష్ఠ. సెబాస్టియన్ నాజీ, భార్యకు విషం పెట్టినవాడు. అయినా ఆమెను నిజంగా ప్రేమించినవాడు. ఆమెను రక్షించిన వాని కారు తలుపు తనకు మూసుకొనిపోయిన తరువాత, మృత్యువు కాచుకొని ఉన్న తన ఇంటి మెట్లను అతడు తిరిగి ఎక్కుతాడు. నాయికానాయకులు బయటపడినారన్న సంతోషం మధ్య ప్రేక్షకుని చూపు ఆ వీపు వెంట పోతుంది. దుష్టుని మీద జాలి కలిగించినా, రెయిన్స్ అతని నేరాన్ని తగ్గించి చూపలేదు.

ఆయనకు పరిమితులు లేకపోలేదు. ‘సీజర్ అండ్ క్లియోపాట్రా’ (1945)లో ప్రధానపాత్రే లభించినా, సంశయమెరుగని ఆ సీజర్‌లో కంఠమాధుర్యం మిగిలిందే గాని అంతర్ఘర్షణకు తావు దొరకలేదు. దానికి భిన్నంగా, కోయిస్లర్ నవలకు నాటకరూపమైన ‘డార్క్‌నెస్ ఎట్ నూన్’లో చేయని నేరాలను ఒప్పుకొనే విప్లవకారుడు రుబషోవ్‌గా నటించి 1951లో టోనీ పురస్కారం పొందినాడు. చలనచిత్రాలలో సహాయనటునిగా నాలుగుసార్లు అకాడమీ పురస్కారానికి ప్రతిపాదితుడైనా, ఒక్కసారీ గెలవలేదు. 1967 మే 30న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో మరణించినాడు.

రచయితలకు ఈ నటజీవితం ఒక ప్రశ్న వేస్తుంది. కథను నడపడానికి మాత్రమే అక్కరకు వచ్చే పాత్రకు రచయిత ఒకే కోరిక ఇచ్చి ఊరుకుంటే, ఎంతటి నటుడైనా దానికి ప్రాణం పోయలేడు. పెయిన్‌కు పదవితో పాటు పాత స్నేహం ఉన్నది. సెబాస్టియన్‌కు కుట్రతో పాటు ప్రేమ ఉన్నది. ఆ రెండవ కోరికను రాసినవారు ఉన్నారు కనుకనే రెయిన్స్ దానిని పలికించగలిగినాడు. నాయకుని తీర్చిదిద్దిన శ్రద్ధలో కొంతైనా అతని పక్కన నిలిచిన వానికి దక్కినదా అని ప్రతి రచయితా తన రాతప్రతిని ఒకసారి అడిగి చూడవలసి ఉన్నది.